రెండు రోజుల ట్రెక్‌కి స్పిరిట్ స్టవ్ సరిపోతుందా?

గుట్టబాట | నల్లకుంట

అందరికీ నమస్కారం. వారాంతాల్లో ఎక్కువగా ఒక్కడినే, అప్పుడప్పుడు ఒక ఫ్రెండ్‌తో కలిసి రాచకొండ, గండికోట వైపు వెళ్తుంటాను. అక్టోబరులో ఇద్దరం హిమాలయాల్లోని హర్ కీ దూన్‌కు ఆరు రోజుల ట్రెక్ వెళ్లాలని ఆలోచన. ఇప్పటిదాకా పొడవాటి బ్యూటేన్ డబ్బా పెట్టే గ్యాస్ స్టవ్ వాడుతున్నాను. స్టవ్, డబ్బా, దాని ప్లాస్టిక్ పెట్టె అన్నీ కలిపి సంచిలో చాలా జాగా ఆక్రమిస్తున్నాయి. నేను వండేదేమో పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున టీ, రాత్రికి వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా మిక్సో, సేమియానో.

కూల్‌డ్రింక్ టిన్నుతో స్పిరిట్ స్టవ్ చేసుకోవచ్చని చదివాను. నిజంగా వాడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మన సిటీలో స్పిరిట్ ఏ షాపులో, ఏ పేరుతో అడగాలి? ఒక మనిషికి రోజుకు ఎంత పడుతుంది? అన్నిటికంటే ముఖ్యంగా, ప్రమాదం ఎంత?

తేలికసంచి | సైనిక్‌పురి

వాడుతున్నాను. చిన్న ట్రిప్పులకు మళ్లీ గ్యాస్ మోసే ఉద్దేశం లేదు. బరువు తగ్గడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఇందులో చెడిపోయే భాగమే లేదు. వాల్వు లేదు, వాషర్ లేదు, నాజిల్‌లో దుమ్ము ఇరుక్కోవడం లేదు. స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీస్తే మంట వస్తుంది, అయిపోతే ఆరిపోతుంది.

చేసే పద్ధతి చెప్తాను. ఒకే చుట్టుకొలత ఉన్న ఖాళీ అల్యూమినియం టిన్నులు కావాలి. సన్నటి ఎనర్జీ డ్రింక్ టిన్ను, లావుపాటి టిన్ను కలిపితే కుదరదు. ఒకదాని అడుగుభాగం నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో కోయండి. అది కింది కప్పు. రెండోదాని అడుగుభాగం మూడు సెంటీమీటర్ల దగ్గర కోసి, మధ్యలో లోపలికి వంగి ఉండే గుంటను గుండ్రంగా తీసేయండి. బోర్లిస్తే అది పై కప్పు. గుంట తీసేసిన వైపు దీని అంచు చుట్టూ కుట్టుసూదితో సమాన దూరంలో ఇరవై దాకా రంధ్రాలు పొడవాలి. దబ్బనం వాడొద్దు. రంధ్రం పెద్దదైతే మంట పసుపుగా పొడవుగా లేచి స్పిరిట్ వృథా అవుతుంది.

మిగిలిన రేకులోంచి ఒక పట్టీ కోసి గుండ్రంగా చుట్టి లోపల నిలబెట్టాలి. కింది కప్పు గాడిలో ఒక అంచు, పై కప్పు గాడిలో ఇంకో అంచు కూర్చోవాలి. పట్టీ కింది అంచున చిన్న గాట్లు మూడు పెట్టడం మర్చిపోవద్దు. మధ్యలో పోసిన స్పిరిట్ ఆ గాట్లలోంచే రెండు గోడల మధ్య సందులోకి వెళ్తుంది. అక్కడ కాగి, ఆవిరై, సూది రంధ్రాల్లోంచి బయటికి వచ్చి మండుతుంది. పని అంతా ఆ సందులోనే జరుగుతుంది.

రెండు కప్పులూ ఒకదాంట్లో ఒకటి దూరక చాలామంది అక్కడే వదిలేస్తారు. దానికి తేలిక మార్గం ఉంది. ఇంకా తెరవని నిండు టిన్ను ఒకటి తీసుకుని, దాని అడుగును కింది కప్పు అంచులోకి మెల్లగా తిప్పుతూ నొక్కండి. అంచు వెంట్రుకవాసి సాగుతుంది. ఇక పై కప్పు సాఫీగా దిగుతుంది. గమ్ ఏమీ అక్కర్లేదు. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి చేతికి గ్లవుజు ఉండాలి.

వెలిగించగానే మధ్యలో మాత్రమే నీరసంగా మంట ఉంటుంది. ఇది పని చేయట్లేదని కంగారు పడకండి. అర నిమిషం నుంచి నిమిషంలోపు లోపల బుడగలు మొదలవుతాయి, శ్రద్ధగా వింటే సన్నటి బుసబుస వినిపిస్తుంది, ఒక్కో రంధ్రమే అంటుకుంటూ చుట్టూ నీలి వలయం పూర్తవుతుంది. అప్పుడు గిన్నె పెట్టాలి.

కొండమేక | మియాపూర్

నేను గ్యాస్ మనిషిని. తేలికసంచి అన్న చెప్పింది వినడానికి బాగుంది కానీ రెండు విషయాలు దాచొద్దు. ఒకటి, గాలి. మన గుట్టల మీద సాయంత్రం వీచే గాలికి స్పిరిట్ మంట పక్కకు వాలిపోతుంది, గిన్నెకు వేడే తగలదు. రెండు, మంట తగ్గించడం హెచ్చించడం కుదరదు. గ్యాస్ అయితే టీ పొంగబోతుంటే తిప్పి తగ్గిస్తాం. ఇక్కడ గిన్నె ఎత్తి పట్టుకోవాలి. నా చిన్న టైటానియం గ్యాస్ బర్నర్ 25 గ్రాములే. దానికంటే తేలిక ఏముంది?

తేలికసంచి | సైనిక్‌పురి

బర్నర్ 25 గ్రాములే భాయ్, కానీ దాని కింద డబ్బా సంగతి? 230 గ్రాముల గ్యాస్ ఉండే స్క్రూ డబ్బా నిండుగా ఉన్నప్పుడు దాదాపు 380 గ్రాములు తూగుతుంది. గ్యాస్ అయిపోయినా 150 గ్రాముల ఇనుము వెనక్కి మోసుకు రావాల్సిందే.

గాలి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. గాలికి అడ్డు లేకపోతే స్పిరిట్ స్టవ్ లేనట్టే. అందుకే విండ్‌స్క్రీన్‌ను వేరే వస్తువుగా చూడకండి, అది స్టవ్‌లో భాగమే. మందపాటి అల్యూమినియం రేకును గిన్నె చుట్టూ వేలు పట్టేంత సందుతో నిలబెట్టి, కింది అంచున గాలి వెళ్లడానికి రంధ్రాలు పెట్టాలి. మరీ బిగిస్తే ఊపిరాడక మంట పసుపెక్కుతుంది.

లెక్కలపంతులు | దిల్‌సుఖ్‌నగర్

ఈ వాదన లెక్కతో తేల్చుకుందాం.

అర లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగించాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కనుక ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 500 గ్రాములు, 73 డిగ్రీలు, ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 జౌళ్లు. మొత్తం 153 కిలోజౌళ్లు. ఇథనాల్ ఒక గ్రాము మండితే 27 కిలోజౌళ్లు, అంటే మిల్లీలీటరుకు 21. వేడి ఒక్క చుక్క వృథా కాకపోతే ఏడు మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ చాలు. నిజంలో సగానికి పైగా గాల్లో పోతుంది. అందుకే మంచి గాలి అడ్డు, మూత ఉంటే 15 నుంచి 18 మి.లీ. పడుతుంది. అడ్డు లేకపోతే ముప్పై పోసినా మరగకపోవచ్చు.

ఇప్పుడు బరువు. ఒక మనిషికి రోజుకు మూడుసార్లు అర లీటరు చొప్పున మరిగించాలనుకుందాం. 54 మి.లీ. స్పిరిట్, సుమారు 43 గ్రాములు. స్టవ్, రేకు, సీసా కలిపి 55 గ్రాములు అనుకుంటే రెండు రోజులకు 141, మూడు రోజులకు 184 గ్రాములు. గ్యాస్‌లో పెద్ద డబ్బా, బర్నర్ కలిపి మొదటిరోజే 405 గ్రాములు. ఒక్క మనిషికి ఎనిమిది రోజులు దాటితే తప్ప గ్యాస్ గెలవదు. 100 గ్రాముల చిన్న డబ్బా దొరికితే మాత్రం నాలుగు రోజులకే గ్యాస్, స్పిరిట్ సమానమవుతాయి.

ఇద్దరైతే కథ మారిపోతుంది. రోజుకు 86 గ్రాముల స్పిరిట్. నాలుగు రోజులకే 399 గ్రాములు. ఆ తర్వాత ప్రతి రోజూ స్పిరిట్‌కే నష్టం. కాబట్టి గుట్టబాట గారూ, మీ రెండు ప్రశ్నలకు రెండు జవాబులు. వారాంతానికి స్పిరిట్, హర్ కీ దూన్‌కు గ్యాస్.

తేలికసంచి | సైనిక్‌పురి

పంతులు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. ఆరు రోజులు ఇద్దరికి అంటే నేనూ గ్యాసే పట్టుకెళ్తాను. అయితే అక్కడ అచ్చం బ్యూటేన్ ఉన్న పొడవాటి డబ్బా వద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఆవిరవడం మానేస్తుంది, తెల్లవారుజామున స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన స్క్రూ డబ్బా చూసుకోండి.

మందులచీటీ | మలక్‌పేట

స్టవ్ గురించి చాలా చెప్పారు, నేను స్పిరిట్ గురించి చెప్తాను. నేను ఫార్మసిస్టుని. నా దృష్టిలో స్టవ్ ఎలా చేశారన్నది తర్వాత, అందులో ఏం పోస్తున్నారన్నది ముందు.

"స్పిరిట్" అని అడిగితే షాపును బట్టి వేర్వేరు సరుకు చేతిలో పెడతారు. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ ఇస్తారు. లేబుల్ చదవండి. కొన్నిటిలో ఇథనాల్, కొన్నిటిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది. 70 శాతం అని ఉంటే మిగతాది దాదాపు నీళ్లే. అది మండుతుంది కానీ మంటలో బలం ఉండదు, చివర్లో కప్పు అడుగున నీళ్లు మిగులుతాయి. 90 శాతం పైన ఉన్నది వెతకండి. ఐసోప్రొపైల్ అయితే వేడి బాగానే ఇస్తుంది కానీ మంట పసుపుగా ఉండి గిన్నెకు మసి పట్టిస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ బోర్డులు తుడవడానికి అమ్మేది చాలావరకు ఇదే.

పెయింట్, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది డీనేచర్డ్ స్పిరిట్. వడ్రంగులు లక్కను ఇందులోనే కరిగించి పాలిష్ చేస్తారు. స్టవ్‌కు ఇది బాగుంటుంది. రాణిగంజ్ వైపు అడిగితే దొరుకుతుంది. కానీ షాపువాడు "అదే ఇది" అంటూ థిన్నర్ ఇస్తే తీసుకోవద్దు. థిన్నర్, టర్పెంటైన్, పెట్రోల్ వీటిలో ఏదీ ఈ స్టవ్‌లో పోయకూడదు. మంట అదుపు తప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మిథనాల్ జోలికి వెళ్లొద్దు. స్టవ్‌లో శుభ్రంగా మండుతుందని ఇంటర్నెట్‌లో కొందరు మెచ్చుకుంటారు. అది చర్మంలోంచి, ఊపిరిలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. రెండు చెంచాలు కడుపులోకి పోయినా చూపు పోయే ప్రమాదం ఉంది. డీనేచర్డ్ స్పిరిట్‌లో కూడా మిథనాల్ కలిసి ఉండొచ్చు. కాబట్టి చేతుల మీద పడితే కడుక్కోండి, ఆవిరి పీల్చకండి, అది తాగడానికి పనికొస్తుందని ఎవరికీ కలలో కూడా అనిపించకూడదు.

చార్మినార్‌చాయ్ | శాలిబండ

అక్కా, 2020లో కొన్న శానిటైజర్ డబ్బాలు ఇంకా ఇంట్లో ఉన్నాయి. వాడొచ్చా?

మందులచీటీ | మలక్‌పేట

జెల్ అయితే వద్దు తమ్ముడూ. అది కాగి ఆవిరయ్యే లోపే పైపైన మండుతుంది, సూది రంధ్రాలు జిగురుతో మూసుకుపోతాయి. జెల్ చేతికి అంటుకుని మండితే విదిలించినా పోదు. నీళ్లలా ఉండే రకంలో ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా. అందులో గ్లిజరిన్ కూడా ఉంటుంది, అది అడుగున జిడ్డుగా మిగులుతుంది. ఇంకేమీ దొరకనప్పుడు టీ నీళ్లకు సరే. మామూలుగా వాడుకోవడానికి మాత్రం పనికిరాదు.

ఫంక్షన్ హాళ్లలో బఫే గిన్నెల కింద పెట్టే జెల్ డబ్బాల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. అవి వేడిగా ఉన్న కూరను వేడిగా ఉంచడానికి చేసినవి. చల్లటి నీళ్లు మరిగించాలంటే చాలా సేపు పడుతుంది.

పెట్రోమాక్స్ | మారేడ్‌పల్లి

పిల్లలంతా ఇది కొత్త విద్య అనుకుంటున్నట్టున్నారు. మా తరానికి స్పిరిట్ మంట బాగా తెలుసు. పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటు వెలిగించేవాళ్లం. మాంటిల్ కట్టి, కింద చిన్న కప్పులో స్పిరిట్ పోసి అంటించి, అది ఆరిపోయే వేళకు సరిగ్గా పంపు కొట్టాలి. తొందరపడితే కిరోసిన్ ఆవిరి కాకముందే పైకొచ్చి భగ్గుమంటుంది. ఇంట్లో పంపుస్టవ్‌కీ అదే పద్ధతి. స్వీడన్‌లో 1892లో వచ్చిన ప్రైమస్ స్టవ్ నుంచి ఈ సూత్రం మారలేదు. ద్రవం మండదు, దాని ఆవిరే మండుతుంది. ఆ ఆవిరి పుట్టించడానికి ముందు కొంచెం వేడి కావాలి. మీ టిన్ను స్టవ్‌లో ఆ అర నిమిషం ఆగడం కూడా అందుకే.

స్కూల్లో సైన్సు ల్యాబులో సారా దీపం ఉండేది, గుర్తుందా? దాన్ని ఊది ఆర్పితే మాస్టారు ఊరుకునేవారు కాదు. మూత పెట్టే ఆర్పాలి. ఇక్కడా అదే నియమం. ఊదితే మండుతున్న స్పిరిట్ చింది మీదకే వస్తుంది. స్టవ్ మీద బోర్లించడానికి సరిపోయే స్టీలు గ్లాసు ఒకటి పక్కనే పెట్టుకోండి.

నా దగ్గర ట్రాంగియా వాళ్ల ఇత్తడి బర్నర్ ఉంది. వాళ్లదీ స్వీడనే, 1951 నుంచి ఆ స్టవ్ సెట్లు చేస్తున్నారు. బర్నర్ 110 గ్రాములు. టిన్ను స్టవ్‌తో పోలిస్తే బరువే. కానీ దానికి మర మూత ఉంటుంది, చల్లారాక మిగిలిన స్పిరిట్‌ను అందులోనే ఉంచి మూత బిగించి సంచిలో వేసుకోవచ్చు. మంట తగ్గించడానికి ఒక కంకణం కూడా ఇస్తారు. కొండమేక చెప్పిన రెండో ఇబ్బంది దానితో కొంత తీరుతుంది. పైగా కాలి కింద పడినా నలగదు.

అడవిదారి | అచ్చంపేట

మీ చర్చంతా చదివాను. మాది నల్లమల పక్కనే. నాకు నచ్చని మాట ఒకటి ఉంది, నేరుగానే చెప్తాను. ఇక్కడ ఎవరూ "ఎక్కడ వెలిగిస్తున్నాం" అని అడగలేదు.

ఫిబ్రవరి నుంచి మే దాకా మా అడవి ఎలా ఉంటుందో వచ్చి చూడండి. ఆకు మొత్తం రాలి మోకాలి దాకా ఎండి ఉంటుంది, బోద గడ్డి కాగితంలా అంటుకుంటుంది. అప్పుడు టిన్ను స్టవ్ ఒక్కసారి ఒరిగితే చాలు. గ్యాస్ స్టవ్ పడితే తిప్పి ఆపేయొచ్చు. స్పిరిట్ పడితే మండుతూ పారుతుంది, పగటి ఎండలో ఆ మంట కనపడదు కూడా. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల అనుమతి లేకుండా దిగడమే తప్పు, ఇక పొయ్యి వెలిగించడం సంగతి చెప్పక్కర్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 30వ సెక్షన్ అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడాన్ని నిషేధించింది. రిజర్వ్ ఫారెస్టుకు అటవీ చట్టం వేరే ఉంది. అనంతగిరి కూడా అడవే, పార్కు కాదు.

స్టవ్ చేసుకోండి, నేను వద్దనను. ఎండాకాలం అడవికి మాత్రం తేవద్దు.

మేఘమాల | తార్నాక

అడవిదారి గారి మాటకు నేను సాక్ష్యం. గండికోటలో మా పక్క గ్రూపులో ఒకతను మధ్యాహ్నం ఎండలో స్టవ్ ఆరిపోయిందనుకుని సీసాలోంచి మళ్లీ స్పిరిట్ పోశాడు. ఆరలేదు, కనపడలేదు అంతే. మంట ధార వెంట సీసా దాకా ఎగబాకింది. సీసా వదిలేశాడు, అది దొర్లుతూ మండింది. అదృష్టం, అక్కడ బండరాయి. చేయి కాలింది. ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు, ఇంకొకరు పసుపు అన్నారు. మా డాక్టరమ్మ ఎవర్నీ దగ్గరకు రానివ్వకుండా మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ఆగకుండా పోయించింది. ఐస్ వద్దు, పేస్టు వద్దు, ముందు నీళ్లే.

అప్పటి నుంచి మా గ్రూపులో ఒక పద్ధతి. స్పిరిట్ పోసే సీసా వేరు, దాచే సీసా వేరు. చిన్న మందు సీసాలోకి ఒక్క కాపుకు సరిపడా కొలిచి తీసుకుంటాం, పెద్ద సీసా మూత బిగించి దూరంగా పెట్టాకే అగ్గిపెట్టె బయటికి వస్తుంది. సరిపోకపోతే స్టవ్ పూర్తిగా చల్లారే దాకా ఆగుతాం. చల్లారిందని పైన కాస్త దూరంలో చెయ్యి పెట్టి సెగను బట్టి తెలుసుకోవాలి, కంటితో చూసి కాదు.

తేలికసంచి | సైనిక్‌పురి

అడవిదారి అన్నా, మీరన్నది ముందే నేను రాసి ఉంటే బాగుండేది. నేను బండ మీద, ఇసుక మీద తప్ప వెలిగించను. రాచకొండలో బండకు కరువు లేదు. పక్కన ఒక లీటరు నీళ్లు తప్పకుండా ఉంటాయి. నూనె మంటలా కాదు, స్పిరిట్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి ఒలికిన మంట మీద నీళ్లు ధారాళంగా పోస్తే పలచబడి ఆరిపోతుంది. కొంచెం చల్లితే మాత్రం మండుతూ పారుతుంది. స్టవ్‌లో ఉన్న మంటకు నీళ్లు వద్దు, గ్లాసు బోర్లించడమే.

టెంటు లోపల వెలిగించడం గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్నా. వాన పడుతున్నా సరే, వద్దు. గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ ఇంకో ప్రమాదం. రెండోదానికి వాసన ఉండదు.

చల్లన్నం | ఉప్పల్

ఇంత రిస్కు ఎందుకండీ? రెండు రోజులకు అసలు స్టవ్వే వద్దు. అటుకులు తడిపి పది నిమిషాలు ఉంచి, ఇంట్లో చేసిన పులిహోర గుజ్జు, వేరుశనగ గుళ్లు కలుపుకుంటే కడుపు నిండుతుంది. పొద్దున్నే సత్తుపిండిలో బెల్లం. మన వాతావరణానికి వేడి భోజనం తప్పనిసరి కాదు. సంచిలో స్టవ్, గిన్నె, స్పిరిట్, రేకు ఏవీ ఉండవు, తోమేదీ ఉండదు.

మేఘమాల | తార్నాక

ఎండాకాలంలో మీతో ఏకీభవిస్తాను. డిసెంబరులో గుట్ట మీద రాత్రి చలికి వణుకుతున్నప్పుడు, లేదా తడిసి ముద్దయి వచ్చినప్పుడు, ఒక గ్లాసు వేడి టీ లేకపోతే ఎలా? ఒంటికి, మనసుకు రెండింటికీ కావాలి. నాకైతే సంచిలో ఆ 140 గ్రాములు బరువనిపించవు.

కొండమేక | మియాపూర్

హిమాలయాల మాటొచ్చింది కాబట్టి ఒక సందేహం. అక్కడ నీళ్లు మంచులా ఉంటాయి, స్పిరిట్ రెండింతలు పడుతుందా పంతులు గారూ?

లెక్కలపంతులు | దిల్‌సుఖ్‌నగర్

అందరూ అలాగే అనుకుంటారు, లెక్క వేరేలా వస్తుంది. 3,500 మీటర్ల ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 5 డిగ్రీల నీళ్లు తీసుకుంటే పెంచాల్సింది 83 డిగ్రీలు. హైదరాబాద్‌లో 73. నీళ్లకు అదనంగా కావాల్సిన వేడి పదమూడు, పద్నాలుగు శాతమే. అసలు దెబ్బ గాలి, చలి వల్ల బయటికి పోయే వేడిది. దాన్ని మూత, రేకు ఆపాలి. అంటించడం కూడా కష్టమవుతుంది. చల్లటి స్పిరిట్‌లోంచి సరిపడా ఆవిరి లేవదు. రోజుకు కావాల్సిన కొంచెం స్పిరిట్‌ను చిన్న సీసాలో పోసి, మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని, జాకెట్ జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి కాస్త వెచ్చబడుతుంది, తర్వాత స్టవ్‌లో పోసి అగ్గిపుల్ల గీస్తే తేలిగ్గా అంటుకుంటుంది.

అక్కడ 88 డిగ్రీలకు బియ్యం ఉడికే దాకా కూర్చుంటే స్పిరిటంతా అయిపోతుంది. సేమియా, అటుకులు, ఉప్మా మిక్స్ మేలు. మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, గిన్నెను తువ్వాలులో చుట్టి పది నిమిషాలు వదిలేయండి. మంట లేకుండానే ఉడుకుతుంది.

రైలుబండి | సికింద్రాబాద్

ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ స్పిరిట్ కొని దెహ్రాదూన్ దాకా రైల్లో తీసుకెళ్దామనుకుంటే అది నేరం. రైల్వే చట్టం 1989లో 164వ సెక్షన్ ప్రకారం మండే సరుకు తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గ్యాస్ డబ్బాకూ ఇదే వర్తిస్తుంది. విమానంలో సరేసరి, చేతి సంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. వాడిన స్టవ్‌లో వాసన మిగిలి ఉన్నా సెక్యూరిటీ వాళ్లు ఆపొచ్చు. గ్యాస్ అయినా స్పిరిట్ అయినా దిగాక అక్కడే కొనుక్కోండి.

తేలికసంచి | సైనిక్‌పురి

టిన్ను స్టవ్‌కు ఇక్కడ ఒక సుఖం ఉంది. కత్తెర, సూది ఉంటే దిగిన ఊళ్లో మళ్లీ చేసుకోవచ్చు. టిన్నులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి.

గుట్టబాట | నల్లకుంట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. టిన్ను స్టవ్ చేశాను. నిండు టిన్నుతో అంచు సాగదీసే కిటుకు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. రాణిగంజ్‌లో డీనేచర్డ్ స్పిరిట్ దొరికింది. షాపాయన ముందు థిన్నరే చేతిలో పెట్టాడు, మందులచీటీ గారు హెచ్చరించడం వల్ల వెనక్కి ఇచ్చేశాను.

డాబా మీద సిమెంటు గచ్చు మీద పరీక్షించాను. సైకిల్ చువ్వలు వంచి మూడు కాళ్ల స్టాండు చేశాను, మంటకూ గిన్నెకూ మధ్య మూడు సెంటీమీటర్లు ఉంచాను. రేకు, మూత పెట్టినప్పుడు 18 మి.లీ.తో అర లీటరు ఎనిమిది నిమిషాల్లో తెర్లింది, ఇంకాసేపు మండింది కూడా. రేకు తీసేసి సాయంత్రం గాలిలో అంతే పోస్తే నీళ్లు వెచ్చబడి ఆగిపోయాయి. చీకటి పడ్డాక చూస్తే నీలి వలయం స్పష్టంగా ఉంది, అదే మంట మధ్యాహ్నం అసలు కనపడలేదు. మేఘమాల గారు చెప్పిన సంగతి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

నా నిర్ణయం ఇది. దసరా దాటాక డిసెంబరు దాకా బండలున్న గుట్టలకు స్పిరిట్. ఎండాకాలం చల్లన్నం గారి అటుకులు. హర్ కీ దూన్‌కు దెహ్రాదూన్‌లో స్క్రూ డబ్బా గ్యాస్. ఇంకో చిన్న సందేహం. స్పిరిట్ ఏ సీసాలో పెట్టాలి? మామూలు వాటర్ బాటిల్ కరిగిపోతుందా?

మందులచీటీ | మలక్‌పేట

కరగదు, ఆ ప్లాస్టిక్ ఇథనాల్‌కు తట్టుకుంటుంది. కానీ నీళ్ల సీసా రూపంలో ఉన్నదేదీ వాడొద్దు. రాత్రి దాహంతో చీకట్లో చెయ్యి పెట్టేవాళ్లు ఉంటారు, ఇంట్లో పిల్లలుంటారు. చిన్న సైజు, వేరే ఆకారం ఉన్న సీసా తీసుకుని చుట్టూ ఎర్ర టేపు వేయండి, మీద "స్పిరిట్, తాగకూడదు" అని తెలుగులో, హిందీలో పెద్దగా రాయండి. నిండుగా నింపకుండా పైన కొంచెం ఖాళీ ఉంచండి. మే నెలలో పార్క్ చేసిన కారులో వదలొద్దు, లోపలి వేడికి ఆవిరి పెరిగి మూత దగ్గర కారుతుంది. ఇంట్లో అయితే దేవుడి గూటికి, వంటగదికి దూరంగా, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి.

అడవిదారి | అచ్చంపేట

గుట్టబాట తమ్ముడూ, ఎండాకాలం అటుకులు అన్నావు, సంతోషం. వానలు పడ్డాక మా వైపు రా. మల్లెలతీర్థం జలపాతం అప్పుడే బాగుంటుంది. టీ పైన ఊళ్లోనే తాగుదాం, స్టవ్ ఇంట్లో పెట్టి రా.